మడమ వెనక నొప్పితో వచ్చిన 47 ఏళ్ల షటిల్ ఆటగాడు: ఆరు నెలల కేస్ స్టడీ

ఆయన వయసు 47. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. కాలేజీ రోజుల నుంచి షటిల్ అలవాటు. వారానికి ఆరు రోజులు తెల్లవారుజామున ఐదుంబావుకల్లా కోర్టులో ఉంటారు, ఆడేది డబుల్స్. జిల్లా స్థాయి వెటరన్స్ పోటీల్లో 45 పైబడిన వాళ్ల విభాగంలో ఆడాలని పట్టుదల. జనవరి చివర్లో నా దగ్గరికి వచ్చేసరికి ఎడమ మడమ వెనక నొప్పి మొదలై ఏడు నెలలు దాటింది. ఆయన సరేనన్నాకే ఈ కేసు రాస్తున్నాను. ఆనవాలు పట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఇలాంటి కేసులు మా ఫిజియోథెరపిస్టుల దగ్గరికి బోలెడు వస్తుంటాయి. అయినా దీన్ని వివరంగా రాయడానికి ఓ కారణం ఉంది. ఈయన అప్పటికే ఒక జిమ్‌లో 'ఫంక్షనల్ ట్రైనింగ్' (ఆటలో, రోజువారీ పనుల్లో ఉండే కదలికలతో కసరత్తు) బ్యాచ్‌లో చేరి, నొప్పి ముదరబెట్టుకుని వచ్చారు. బాక్స్ జంప్స్, బర్పీస్, స్కిప్పింగ్, నిచ్చెన ఆకారంలో పట్టీలు పరిచి వాటి మధ్య చకచకా అడుగులు వేయడం. మూడు వారాలు చేశారు. నాలుగో వారానికి మెట్లు దిగడం కష్టమైంది.

చెప్పింది, చూసింది

పొద్దున మంచం దిగి బాత్రూమ్ దాకా నడిచేటప్పుడు మడమ వెనక బిగుసుకుపోయి ఉంటుంది, ఇరవై నిమిషాలకి గానీ సర్దుకోదు. కోర్టులో మొదటి పది నిమిషాలు నొప్పి, తర్వాత తెలియదు. సాయంత్రానికి మళ్లీ మొదలు. 'వేడెక్కితే పోతోంది కదా, పెద్దదేం కాదులే' అనుకుంటూ ఆడుతూ వచ్చారు. పిక్క కండరాన్ని మడమ ఎముకకి కలిపే తాడులాంటి పట్టీని అకిలిస్ టెండన్ అంటారు. దాని సమస్య తొలి దశలో అచ్చం ఇలాగే ఉంటుంది. వేడెక్కితే తగ్గిపోవడం వల్లే మనిషి నెలల తరబడి మోసపోతాడు.

మధ్యలో మూడు వారాలు ఆట పూర్తిగా మానేశారు. నొప్పి తగ్గింది. మళ్లీ ఆడిన మొదటి రోజే తిరిగొచ్చింది. విశ్రాంతిలో నొప్పి తగ్గుతుంది గానీ టెండన్ బలపడదు. అసలే పని లేక ఇంకాస్త నీరసపడుతుంది.

మడమ ఎముక నుంచి నాలుగైదు సెంటీమీటర్ల పైన టెండన్ కాస్త ఉబ్బి, పట్టి నొక్కితే నొప్పిగా ఉంది. నొప్పి ఎక్కడుందో తేల్చుకోవడం ముఖ్యం. టెండన్ ఎముకకి అతుక్కునే చోట నొప్పి ఉంటే మెట్టు అంచున నిలబడి మడమని కిందికి దించే వ్యాయామం దాన్ని ఎక్కువ చేస్తుంది. ఈయనది మధ్య భాగం కాబట్టి ఆ ఇబ్బంది లేదు. బోర్లా పడుకోబెట్టి పిక్క నొక్కితే పాదం కదిలింది. అంటే టెండన్ తెగలేదు. వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించి, తిరిగి చూస్తే ఎవరూ లేకపోతే అది వేరే కథ, ఆ రోజే ఆర్థోపెడిక్ డాక్టర్ని కలవాలి. ఆ ప్రమాదం ఎక్కువగా ముప్పై, యాభై ఏళ్ల మధ్య అప్పుడప్పుడూ ఆడే మగవాళ్లకే.

కొలతలు ఇవీ: ఎత్తు 173 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు, నడుము చుట్టుకొలత 101 సెంటీమీటర్లు (మన దేశపు మగవాళ్లకి 90 దాటితే జాగ్రత్త పడాలంటారు). బీపీ 142/90. మూడు నెలల సగటు షుగర్, హెచ్‌బీఏ1సీ, 6.1. అంటే షుగర్ వ్యాధి కాదు గానీ గడప దాకా వచ్చినట్టే. షుగర్, కొలెస్ట్రాల్ ఎక్కువున్న వాళ్లలో టెండన్లు త్వరగా దెబ్బతింటాయి కాబట్టి మడమ నొప్పికి వచ్చిన మనిషి షుగర్ రిపోర్టు అడగడం అధిక ప్రసంగమేం కాదు.

ఒంటికాలి మీద నిలబడి మడమ పైకెత్తే పరీక్షలో కుడికాలు 21 సార్లు, ఎడమకాలు 9. ఆ తొమ్మిదిలోనూ చివరి మూడు సగం ఎత్తే. చీలమండ ఎంత వంగుతుందో చూడటానికి గోడకి మోకాలు ఆనించే పరీక్షలో బొటనవేలు గోడకి ఎంత దూరంలో ఉంచగలిగారంటే కుడివైపు 10 సెంటీమీటర్లు, ఎడమవైపు 7. అకిలిస్ నొప్పికి వాడే వీసా-ఎ ప్రశ్నావళిలో వందకి 52. వంద వస్తే ఏ బాధా లేనట్టు.

ఆయన ప్రశ్న మాత్రం ఒకటే. "డాక్టర్ గారూ, ఒక ఇంజెక్షన్ ఏసేస్తే సీజన్ గడిచిపోద్ది కదండీ?" స్టెరాయిడ్ ఇంజెక్షన్ నొప్పిని కొన్ని వారాలు అణచగలదు. కానీ టెండన్‌ని బలహీనపరిచి తెగిపోయే ప్రమాదం పెంచుతుంది. నొప్పి తెలియకుండా స్మాష్‌లు కొట్టే 86 కిలోల మనిషికి అది ఎంత ప్రమాదమో వివరంగా చెప్పాను. మళ్లీ అడగలేదు.

ముందు గుండె

వాళ్ల నాన్నగారికి 54 ఏళ్లకే బైపాస్ అయింది. ఈయనకి బీపీ ఉంది, పొట్ట ఉంది, మిర్చి సీజన్‌లో నిద్ర ఐదు గంటలే. షటిల్ ఆడుతూ నడివయసు వాళ్లు కుప్పకూలిన వార్తలు హైదరాబాద్ నుంచి కూడా విన్నాం. డబుల్స్ కదా, తేలికే అనుకుంటారు. చేతి వాచీ చూస్తే ర్యాలీల మధ్యలో ఈయన గుండె నిమిషానికి 165 దాకా కొట్టుకుంటోంది. 208 లోంచి వయసులో 70 శాతం తీసేసే లెక్క ప్రకారం 47 ఏళ్లకి గరిష్ఠం దాదాపు 175. అంటే పొద్దున్నే నిద్ర కళ్లతో, వార్మప్ లేకుండా, గరిష్ఠానికి దగ్గరగా పరిగెడుతున్నారన్నమాట. కార్డియాలజిస్టు దగ్గరికి పంపి ఈసీజీ, ఎకో (గుండె స్కాన్), టీఎంటీ (ట్రెడ్‌మిల్ పరీక్ష) చేయించాకే బరువుల జోలికి వెళ్లాం. రిపోర్టులు బాగానే వచ్చాయి, బీపీకి ఒక మాత్ర మొదలైంది. నలభై దాటాక ఆట తీవ్రత పెంచదలచుకున్న ఎవరికైనా, ముఖ్యంగా ఇంట్లో గుండెజబ్బు చరిత్ర ఉంటే, నేను ఈ వరస మార్చను.

ఎడమకాలే ఎందుకు

ఆయన కుడిచేతి ఆటగాడు. లంజ్‌లో, అంటే షటిల్ అందుకోవడానికి పెద్ద అడుగు వేసి వంగేటప్పుడు, ముందుకు పడేది కుడికాలు, మరి నొప్పి ఎడమకాలికెందుకు? కోర్టుకెళ్లి సెల్‌ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీశాను. జవాబు వెనక లైన్ దగ్గర దొరికింది. తల మీదుగా వచ్చిన షటిల్‌ని వెనక్కి వెళ్లి ఎగిరి కొట్టినప్పుడు ముందుగా నేలని తాకేది ఎడమపాదం. బరువంతా దాని మీద పడుతుంది, అదే క్షణంలో అదే పాదంతో నేలని నెట్టి ముందుకు రావాలి. టెండన్ మీద అతి పెద్ద లోడ్ పడేది అక్కడే. ఈయన అడుగు అరసెకను ఆలస్యం కావడంతో పాదం బయటికి తిరిగి, మడమ ధబ్‌మని దిగుతోంది. పైగా పార్ట్‌నర్ వయసులో పెద్దాయన. ఆయన్ని నెట్ దగ్గర ఉంచి వెనక కోర్టంతా ఈయనే మోస్తున్నారు. ఒక్క గేమ్‌లో అలాంటి ల్యాండింగ్‌లు ముప్పైకి పైనే.

కాళ్లకి రన్నింగ్ షూస్. వాటి మెత్తటి ఎత్తైన సోల్ పక్కకి కదిలే ఆటలో చీలమండని నిలవనివ్వదు. గమ్ సోల్ ఉన్న కోర్టు షూస్ కొనిపించాను. యార్డులో ఏడు గంటల పాటు సిమెంటు నేల మీద పలచటి హవాయి చెప్పులతో తిరుగుతున్నారు. వాటి బదులు కొద్దిగా మడమ ఎత్తున్న శాండల్స్ వేసుకోమన్నాను. ఆ రెండో మార్పుకే ఆయన ఎక్కువ బేరమాడారు.

ఏది ఫంక్షనల్

జిమ్‌లో ఆయన చేసిన కసరత్తులన్నీ ఆటలాగే కనిపిస్తాయి. ఎగరడం, దూకడం, చకచకా కదలడం. ఆట నుంచి వచ్చిన దెబ్బకి ఆటనే ఇంకో రూపంలో ఎక్కించారంతే. కసరత్తు ఆటని పోలి ఉందా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. ఆట అడిగే శక్తి ఈ కాలికి ఉందా, లేకపోతే ఏ కసరత్తు దాన్ని ఇస్తుంది అన్నదే చూస్తాను. పరుగులో పిక్క లోపలి కండరమైన సోలియస్ మీద శరీర బరువుకి ఆరు నుంచి ఎనిమిది రెట్ల బలం పడుతుందని బయోమెకానిక్స్ లెక్కలు చెబుతాయి. తన సొంత బరువుతో పది సార్లు కూడా మడమ ఎత్తలేని కాలికి బాక్స్ జంప్స్ పెట్టడం, బోసు బాల్ (ఊగే సగం గోళంలాంటి రబ్బరు బంతి) మీద నిలబెట్టి బంతులు పట్టించడం, రెండూ నాకు ఒకేలా కనిపిస్తాయి. కుర్చీలో కూర్చుని మోకాళ్ల మీద బరువు పెట్టుకుని నెమ్మదిగా మడమలెత్తే వ్యాయామం చూడటానికి ఏమీ ఉండదు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరూ పెట్టరు. ఈయనకి అన్నిటికంటే ఫంక్షనల్ అదే.

వయసు సంగతీ ఉంది. ముప్పై దాటాక దశాబ్దానికి 3 నుంచి 8 శాతం కండ తరుగుతుందంటారు. బలం కంటే ముందు జారిపోయేది వేగంగా బలం చూపే సామర్థ్యం. కాబట్టి గెంతులు, దూకడాల్లాంటి దూకుడు పనులు చివరికైనా చేయించి తీరాలి. పేచీ అంతా ఎప్పుడు మొదలుపెట్టాలన్న దగ్గరే.

మొదటి పన్నెండు వారాలు

ఆట పూర్తిగా మానమనలేదు. మానమంటే మానరు. మానినా నాతో చెప్పకుండా ఆడతారు. ఆరు రోజులని రెండు రోజులు చేశాం, మధ్యలో కనీసం రెండు రోజుల ఎడం. రోజుకి రెండు గేమ్‌లే, నెట్ దగ్గరే, ఎగిరి స్మాష్ కొట్టడం లేదు. పార్ట్‌నర్‌తో నేనే మాట్లాడాను. ఆ పెద్దాయన "మూడు నెలలు వెనక నేను చూసుకుంటాలే తమ్ముడూ" అన్నాక పని సులువైంది. నా మాటకంటే ఆయన మాటకే విలువెక్కువ. మిగతా రోజుల్లో సైకిల్, మాట్లాడుతూ తొక్కగలిగే వేగంలో నలభై నిమిషాలు.

మొదటి రెండు వారాలు మడమ పైకెత్తి కదలకుండా నిలబడటం, 45 సెకన్ల చొప్పున ఐదుసార్లు. తర్వాత బరువు, నిదానం. మూడు సెకన్లలో పైకి, మూడు సెకన్లలో కిందికి. నిలబడి ఒకటి, కూర్చుని ఒకటి. మోకాలు వంచితే పని సోలియస్ మీదికి వెళ్తుంది, అందుకని కూర్చుని చేసేది వదలకూడదు. వారానికి మూడు రోజులు, ఒక్కోటి నాలుగు సెట్లు. మొదట్లో సెట్‌కి పదిహేను, బరువు పెరిగేకొద్దీ పన్నెండు, పది, ఎనిమిది, చివరికి ఆరు. ఇంట్లో మెషీన్ లేదు కాబట్టి కూర్చుని చేసేదాన్ని 25 కిలోల బియ్యం బస్తాతో మొదలుపెట్టారు. పన్నెండో వారానికి జిమ్ మెషీన్ మీద 60 కిలోలు. నిలబడి ఒంటికాలి మీద చేసేది చేతిలో 20 కిలోల డంబెల్‌తో.

నొప్పికి ఒక నియమం పెట్టుకున్నాం. సున్నా నుంచి పది కొలతలో వ్యాయామం చేసేటప్పుడు ఐదు దాటకూడదు. మర్నాడు పొద్దున బిగుతు మామూలు కంటే పెరగకూడదు. పెరిగితే ముందురోజు పని ఎక్కువైందని అర్థం. ఆయన వ్యాపారి కదా, రోజూ లెక్క రాసే చిట్టా పుస్తకంలోనే ఓ పక్కన 'బిగుతు 15 ని., నొప్పి 3' అని రాయడం మొదలుపెట్టారు. నా దగ్గరికి వచ్చే ఏ యాప్ వివరాలూ అంత నమ్మకంగా ఉండవు.

ఒక్క పిక్కతో సరిపోదు. స్క్వాట్ (బరువుతో గుంజీలు), రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (నడుము నిటారుగా ఉంచి ముందుకు వంగి బరువెత్తడం), ఒక కాలు ముందుకేసి చేసే స్ప్లిట్ స్క్వాట్, భుజానికి రోయింగ్ (బరువుని ఒంటివైపు లాగడం), రెండు చేతుల్లో బరువులు పట్టుకుని నడక. స్క్వాట్ 16 కిలోల డంబెల్‌తో మొదలై పన్నెండు వారాల్లో బార్‌బెల్ మీద 60 కిలోలకి వచ్చింది. బరువులతో నడక దగ్గర ఆయన నవ్వారు. "మా హమాలీలు రోజంతా టిక్కీలు మోస్తారండీ, వాళ్లకే జిమ్ముంది?" టిక్కీ అంటే నలభై కిలోల పైన ఉండే మిర్చి బస్తా. నిజమే, ఆ హమాలీల కాళ్లకున్న బలం మా క్లయింట్లలో ఎవరికీ లేదు. కానీ వాళ్ల నడుములు, మోకాళ్లు యాభైకల్లా ఎలా ఉంటాయో కూడా ఆయనకి తెలుసు. తగిన విశ్రాంతి ఇచ్చి బరువు ఎత్తించడానికీ, విశ్రాంతి లేకుండా మోయించడానికీ ఎంత తేడా ఉందో ఆయనకి యార్డు చూపించే చెప్పాను.

రెండు ఆటంకాలు

మార్చి మధ్యలో, ఏడో వారం. యార్డు నిండా సరుకు. అదే వారాంతంలో వాళ్ల అపార్ట్‌మెంట్లో షటిల్ టోర్నమెంట్. వరసగా మూడు రోజులు ఆడారు, స్మాష్‌లతో సహా. సోమవారం చిట్టాలో 'బిగుతు 40 ని., నొప్పి 6'. ఇలాంటప్పుడు చాలామంది అన్నీ ఆపేస్తారు. మేం ఆట ఒక్కటే వారం పాటు ఆపి, బరువుల్ని రెండు వారాల కిందటి స్థాయికి దించి కొనసాగించాం. పది రోజుల్లో బిగుతు పావుగంటకి దిగింది.

రెండోది కాస్త వేరు. ఏప్రిల్ ఎండల్లో విరేచనాలు పట్టుకుంటే మెడికల్ షాపులో అడిగి బిళ్లలు తెచ్చుకున్నారు. ఏ మందైనా మింగేముందు నాకు చూపించమని మొదటి రోజు నేను చెప్పిన మాట గుర్తుండి, స్ట్రిప్ ఫొటో వాట్సాప్‌లో పంపారు. ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన బిళ్ల. మన ఊళ్లలో విరేచనాలకి చేతికిచ్చేది ఎక్కువగా ఇదే. ఆఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ ఒకే జాతి యాంటీబయాటిక్స్. టెండన్ దెబ్బతినడానికీ, తెగడానికీ ఇవి కారణం కావచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2008 లోనే వీటి మీద పెద్ద హెచ్చరిక పెట్టింది. అకిలిస్‌కే ఆ ముప్పు ఎక్కువ. వెంటనే వాళ్ల డాక్టర్‌కి ఫోన్ చేయించాను. ఆయన చూసి యాంటీబయాటిక్ అక్కర్లేదని ఓఆర్ఎస్ రాశారు. డాక్టర్ అవసరమని రాసిన మందుని ఎవరూ సొంతంగా ఆపకూడదు. కానీ అకిలిస్ నొప్పి ఉందని ఆ డాక్టర్‌కి తెలియాలి. మందుల షాపు కుర్రాడికి అది ఎలా తెలుస్తుంది?

తిండి

ఆట అయ్యాక గుంపంతా టిఫిన్ సెంటర్‌కి. ఉప్మా పెసరట్టు, మీద రెండు గారెలు. మధ్యాహ్నం యార్డులో అన్నం, రాత్రి తొమ్మిదిన్నరకి మళ్లీ అన్నం. లెక్కేస్తే రోజుకి ప్రొటీన్ 50 గ్రాములకి అటూ ఇటూ. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసు ప్రకారం మామూలు మనిషికే కిలో బరువుకి 0.83 గ్రాములు, అంటే ఈయనకి 71. బరువులెత్తే నడివయసు వాళ్లకి నేను 1.2 దాకా వెళ్తాను, కాబట్టి లక్ష్యం వంద. పౌడర్ డబ్బా అడిగారు. కొనొద్దనలేదు గానీ ముందు పళ్లెం మార్చాం. పెసరట్టు ఉంచి ఉప్మా, గారెలు తీసేసి మూడు ఉడకబెట్టిన గుడ్లు (సుమారు 18 గ్రాములు), మధ్యాహ్నం పప్పు గట్టిగా, రాత్రి ఏడున్నరకల్లా చికెన్ లేదా చేప, అన్నం సగం. టిఫిన్ సెంటర్‌కి గుడ్ల డబ్బా పట్టుకెళ్తే స్నేహితులు ఏడిపించారట. జూన్‌కల్లా ఇంకో ఇద్దరి చేతుల్లో డబ్బాలు కనిపించాయి.

సెలవుల్లో వేగం

మే రెండో వారంలో యార్డుకి వేసవి సెలవులు వచ్చాయి. దూకుడు పనికి అంతకంటే మంచి సమయం దొరకదు. రోజంతా నిలబడక్కర్లేదు, నిద్ర ఏడు గంటలకి పెరిగింది. అయినా తేదీ చూసి మొదలుపెట్టలేదు. ఎడమకాలు ఒంటిగా ఇరవై సార్లు ఎత్తాలి, కుడికాలి లెక్కలో తొంభై శాతానికి దగ్గరగా ఉండాలి, అదే చోట చిన్నగా గెంతితే నొప్పి రెండు దాటకూడదు. ఆ రోజు ఎడమ 20, కుడి 23. సరే అనుకున్నాం.

మొదట రెండు కాళ్ల మీద చిన్న గెంతులు, సెషన్‌కి అరవై. తర్వాత స్కిప్పింగ్. తర్వాత ఒంటికాలి గెంతులు. ఆ పైన ఎదుటివాడు కొట్టే క్షణానికి చిన్నగా ఎగిరి దిగే స్ప్లిట్ స్టెప్, షటిల్ లేకుండా కోర్టులో అడుగులు. చిట్టచివర వెనక లైన్ ల్యాండింగ్. దీన్ని ఆయన పాత కోచ్‌కి అప్పగించాను, అది నా పని కాదు. ఆ కోచ్ మొదటి రోజే ఒక్క మాట చెప్పి సగం సమస్య తీర్చారు: ఆలస్యమైన షటిల్‌ని ఎగిరి స్మాష్ కొట్టొద్దు, నేల మీదే ఉండి డ్రాప్ వెయ్యి (నెట్ దాటగానే పడేలా మెల్లగా కొట్టు). వారానికి గెంతే రోజులు రెండే, వాటి మర్నాడు ఆట లేదు. బరువులు వారానికి రెండు రోజులకి తగ్గాయి గానీ ఆగలేదు.

ఇరవై నాలుగో వారం, జులై

వీసా-ఎ 52 నుంచి 88. ఒంటికాలి మీద ఎడమ 22, కుడి 26. గోడ పరీక్షలో ఎడమ 9 సెంటీమీటర్లు. బరువు 81.5, నడుము 95, హెచ్‌బీఏ1సీ 5.8. బీపీ 128/82, ఇందులో మాత్ర వాటా ఎంతో, మిగతా వాటి వాటా ఎంతో విడదీయలేం. పొద్దున బిగుతు మామూలు రోజుల్లో రెండు మూడు నిమిషాలు. టెండన్ ఉబ్బు అలాగే ఉంది. అది నెలల్లో పోయేది కాదు, పోకపోయినా ఆడొచ్చు. ఆగస్టులో జిల్లా వెటరన్స్ డబుల్స్ ఆడారు. రెండు రౌండ్లు గెలిచి మూడోదాంట్లో ఓడారు. ఓడినందుకు కాదు, వెనక లైన్ నుంచి రెండు షాట్లు వదిలేయాల్సి వచ్చినందుకు ఇప్పటికీ గొణుగుతుంటారు.

ఒక్క మనిషి కేసు ఇది. బరువు తగ్గడం, షూ మారడం, ఆట రోజులు తగ్గడం, పిక్క బలం, ఏది ఎంత పనిచేసిందో చెప్పలేను. అన్నీ ఒకేసారి మారాయి. నన్నడిగితే పెద్ద వాటా రెండిటిదే అంటాను. ఒకటి కూర్చుని చేసే ఆ బరువు మడమ ఎత్తులది. రెండోది ఆట రోజుల మధ్య ఎడం పాటించడానిది.

ఇప్పుడు ఆయన ఆడేది వారానికి నాలుగు రోజులు, వరసగా రెండు రోజులకి మించి ఉండదు. రెండో రోజు తర్వాత బిగుతు ఇంకా పది నిమిషాలకి పెరుగుతోంది. బరువులు వారానికి రెండు సెషన్లు. ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య సీజన్‌లో ఒకటే, అదీ మూడే వ్యాయామాలు: స్క్వాట్, నిలబడి మడమ ఎత్తడం, కూర్చుని మడమ ఎత్తడం. ఇరవై ఐదు నిమిషాల పని. వీలు కాకపోతే స్క్వాట్ మానుకోమన్నాను, మిగతా రెండూ మాత్రం మానకూడదు. పొద్దున బిగుతు మూడు రోజులు వరసగా ఇరవై నిమిషాలు దాటితే ఆట సగానికి తగ్గించి నాకు ఫోన్ చేయాలి. మొన్న ఫోన్ వచ్చింది గానీ ఆయన గురించి కాదు. మూడు నెలలు వెనక కోర్టు మోసిన ఆ పెద్దాయనకి మోకాలు నొప్పట.